ఒకే జాతి చేప – తీరానికో తీరు

పోయిన సంచికలో దోమల మీద రాసిన పదో తరగతి అక్క బొమ్మలు చాలా బాగా వేసింది. నాకు బొమ్మలు రావు. పక్కన గీసినది చేప అని ముందే చెప్తున్నాను, ఆకు అనుకోకండి.

ఈ పాఠం మన పుస్తకంలో లేదు. ఇది నా దగ్గరికి ఎలా వచ్చిందో ముందు చెప్తాను. పోయిన నవంబరులో మేం నలుగురం ఆటల ఎంపికకి కింద ఊరు వెళ్ళాం. అక్కడ ఒకాయన గోడకి టేపు అంటించి అందరి ఎత్తూ కొలుస్తున్నాడు. నేను 143 సెంటీమీటర్లు వచ్చాను. ఆయన కాగితం మీద రాసుకుంటూ పక్కనున్నాయనతో, "కొండ పిల్లలు ఇంతేనండీ. పుట్టుకే అంత. ఎంత తిండి పెట్టినా ఎదగరు" అన్నాడు. నా ముందే అన్నాడు. నేను తెలుగు రానిదాన్ని అనుకున్నాడో ఏమో. నేను ఏమీ అనలేదు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ మాటే తిరిగింది. కోపం ఒక పక్క, నిజమేనేమో అని భయం ఒక పక్క. మా అయ్య పొట్టి, మా అమ్మ ఇంకా పొట్టి.

మర్నాడు సైన్సు మాస్టారిని అడిగాను. "సార్, పొట్టితనం పుట్టుకతో వస్తుందా, తిండితో వస్తుందా? తేల్చి చెప్పండి" అని. మాస్టారు నవ్వి, "అంత తొందరగా తేలే సంగతి కాదమ్మా. ముందు ఒక చేప కథ విను, తర్వాత మనుషుల దగ్గరికి వద్దాం" అన్నారు. మూడు సాయంత్రాలు స్టడీ అవర్ అయ్యాక చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తున్నాను. తప్పుంటే అది నాదే, మాస్టారిది కాదు.

ఆ చేప పేరు అట్లాంటిక్ సిల్వర్‌సైడ్. శాస్త్రనామం మెనిడియా మెనిడియా. మన సముద్రంలో ఉండదు. అమెరికాకి తూర్పు వైపున్న అట్లాంటిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది. సన్నటి చేప, పెద్దదైనా అరచేతిలో పట్టేటంత. తల నుంచి తోక దాకా పక్కన వెండి జరీ అంచులాగా ఒక గీత ఉంటుంది, అందుకే ఆ పేరు. ఎక్కువ చేపలు ఏడాదికి మించి బతకవు. వసంతకాలంలో అమావాస్యకీ పౌర్ణమికీ పోటు నీళ్ళు బాగా పైకి వచ్చినప్పుడు, ఒడ్డున గడ్డి మొదళ్ళలోకి గుంపుగా వచ్చి గుడ్లు పెడతాయి. (మా అవ్వ కూడా కొన్ని పనులకి అమావాస్య, పున్నమి చూస్తుంది. ఆ చేపకి క్యాలెండరు ఎవరు ఇచ్చారో!)

ఈ చేప ఒకచోటే ఉంటే కథ లేదు. దక్షిణాన ఫ్లోరిడా నుంచి ఉత్తరాన కెనడాలో సెయింట్ లారెన్స్ సింధుశాఖ దాకా, అంత పొడుగు తీరం నిండా ఇదే చేప. ఫ్లోరిడా, సౌత్ కరోలినా వైపు నీళ్ళు చాలా నెలలు వెచ్చగా ఉంటాయి. మధ్యలో న్యూయార్క్. పైన కెనడాలోని నోవాస్కోషియాలో చలికాలం చాలా పొడుగు, ఎండాకాలం ఇలా వచ్చి అలా పోతుంది. చేప ఒంటికి పెరుగుదల వచ్చేది నీళ్ళు వెచ్చగా ఉన్నప్పుడే. దక్షిణాన పెరగడానికి దొరికే రోజుల్లో సగం కూడా ఉత్తరాన దొరకవు.

మరి ఒకే జాతి చేపకి ఇన్ని రకాల తీరాలలో ఒళ్ళు ఒకేలా ఉంటుందా? ఉండదు. మొదట తెలిసేది వెన్నెముకలో. ఉత్తరం వైపు పోయే కొద్దీ ఈ చేపకి వెన్నుపూసలు సగటున ఎక్కువ ఉంటాయి. సగటున అన్న మాట ముఖ్యం. ఉత్తరం చేప ఒకటి, దక్షిణం చేప ఒకటి పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలకపోవచ్చు. వందల చేపలు లెక్కపెట్టాలి.

ఈ లెక్కపెట్టే పని కొత్తది కాదు. జర్మనీలో ఫ్రెడరిక్ హైంకే అనే ఆయన వేల హెర్రింగ్ చేపలను కొలిచి, పూసలు లెక్కపెట్టి, సముద్రంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో తీరు హెర్రింగ్ ఉందని 1898లో పుస్తకం వేశాడు. చల్లని సముద్రాల చేపలకి పూసలు ఎక్కువ, వెచ్చని సముద్రాల వాటికి తక్కువ అని 1891లో రాసినాయన డేవిడ్ స్టార్ జోర్డాన్, అమెరికా ఆయన. ఈయన సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

నాకు నమ్మకం కుదరక నేనూ లెక్కపెట్టాను. ఆదివారం సంతలో ఎండు నెత్తళ్ళు కొన్నాను. వేడినీళ్ళలో నానబెట్టి, కండ వలిచి, వెన్నెముకని నల్ల పలక మీద పరిచి, గుండుసూదితో ఒక్కో పూస ముట్టుకుంటూ లెక్కపెట్టాను. పది చేపలు చేసేసరికి గంటన్నర పట్టింది, గది నిండా వాసన. నా పక్క మంచం అమ్మాయి ఆ రోజు నుంచి నాతో మాట్లాడ్డం లేదు. పదింటిలో ఆరింటికి ఒకే లెక్క వచ్చింది. మూడింటికి ఒకటి తక్కువ, ఒకదానికి ఒకటి ఎక్కువ. ఒకే సంత, ఒకే బుట్ట, అయినా అంత తేడా! రెండోసారి లెక్కపెడితే ఒక చేపకి నా లెక్కే మారిపోయింది. తోక చివరి పూసని ఒకసారి కలిపాను, ఒకసారి కలపలేదు. అందుకే మొదలుపెట్టే ముందే ఏది కలపాలో ఏది కలపకూడదో రాసి పెట్టుకోవాలట. హైంకే ఎన్ని వేల చేపలు ఇలా చూశాడో తలుచుకుంటే నాకు కళ్ళు మండాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఉత్తరం చేపకి పూసలు ఎక్కువ ఉండడం పుట్టుకా, నీళ్ళా?

ఇది అనుకున్నంత తేలిక కాదు. ఎందుకంటే ఒకే తల్లి గుడ్లను రెండు గిన్నెల్లో పెట్టి, ఒకటి చల్లగా, ఒకటి వెచ్చగా ఉంచితే కొన్ని జాతుల చేపల్లో పిల్లల పూసల లెక్కే మారుతుంది. పిల్ల గుడ్డులో ఉన్నప్పుడే పూసల లెక్క ఖాయమైపోతుంది, ఆ సమయంలో నీళ్ళు ఎలా ఉన్నాయన్నది దాని మీద పనిచేస్తుంది. అంటే ఉత్తరం చేపలకి పూసలు ఎక్కువ ఉన్నాయని చూసి "వాటి పుట్టుకే అంత" అనేస్తే తప్పు కావచ్చు. "అంతా చల్లనీళ్ళ వల్లే" అన్నా తప్పు కావచ్చు. సముద్రంలో చూసినంత మాత్రాన తెలియదు. మరి ఎలా తెలుసుకోవాలి?

ఒక్కటే దారి. అందరినీ ఒకే ఇంట్లో పెంచాలి. డేవిడ్ కానోవర్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు న్యూయార్క్ రాష్ట్రంలో ఈ పని చేశారు. నోవాస్కోషియా, న్యూయార్క్, సౌత్ కరోలినా లాంటి చోట్ల నుంచి చేపలను తెచ్చి, వాటి గుడ్లను ఒకే రకం తొట్లలో, ఒకే వేడి నీళ్ళలో, ఒకే మేత కడుపునిండా వేసి పెంచారు. చల్లటి తొట్లలో కొన్ని, వెచ్చటి తొట్లలో కొన్ని. మన హాస్టల్లో పాతిక ఊళ్ళ పిల్లలం ఒకే అన్నం తిన్నట్టు అన్నమాట. ఇలా ఒకేచోట పెంచినా ఇంకా తేడా మిగిలితే అది పుట్టుక తేడా. తేడా పోతే అది చోటు తేడా.

పూసల తేడా మిగిలింది. 1997లో ఆ ఫలితం అచ్చయింది. ఒకేచోట పెంచినా ఉత్తరం చేపలకి పూసలు ఎక్కువే. అంటే జన్యువులలో ఉంది.

ఇది విన్నప్పుడు నాకు ఏడుపు వచ్చినంత పనైంది. నేను మాస్టారి నోటి నుంచి "అంతా తిండేనమ్మా" అని వినాలని కూర్చున్నాను. చేపేమో పుట్టుక అంటోంది. మాస్టారు నా ముఖం చూసి, "ఇంకా అవలేదు, సగమే చెప్పాను" అన్నారు.

రెండో సగం ఇది. శీతాకాలం ముందు అన్ని తీరాల్లోనూ ఈ చేపలను పట్టి కొలిస్తే ఇంచుమించు ఒకే పొడుగు! ఉత్తరం చేపకి పెరిగే రోజులు సగం కూడా లేవు, అయినా దక్షిణం చేపంత ఉంది. ఎలా? తొట్లలో పెట్టి చూస్తే బయటపడింది. వెచ్చటి నీళ్ళు, కడుపునిండా మేత ఉన్న ఒకే తొట్టిలో నోవాస్కోషియా చేప, సౌత్ కరోలినా చేప కంటే చాలా వేగంగా పెరిగిపోయింది. నేనైతే చలిదేశం చేప చల్లనీళ్ళలో బాగా పెరుగుతుందనుకున్నాను. కాదు. వెచ్చటి నీళ్ళలోనే దాని వేగం ఎక్కువ. ఎందుకంటే దానికి దొరికేది చిన్న ఎండాకాలమే, ఆ నాలుగు రోజుల్లోనే అంతా తినేసి పెరిగెయ్యాలి. చిన్నగా ఉండిపోయిన పిల్లలు అక్కడి చలికాలం దాటి బతకవు.

కాబట్టి చూడండి, సముద్రంలో రెండూ ఒకే పొడుగు. చూసినవాళ్ళు "తేడా ఏమీ లేదు" అంటారు. లోపల పెద్ద తేడా దాక్కుని ఉంది. చోటు ఒక పక్కకి లాగుతుంటే పుట్టుక ఎదురు పక్కకి లాగి సమానం చేసింది. దీనికి కౌంటర్‌గ్రేడియంట్ వేరియేషన్ అని పేరు. నాకు నోరు తిరగడానికి రెండు రోజులు పట్టింది. నేను మటుకు ఎదురీత తేడా అని పెట్టుకున్నాను.

మా ఇంట్లో మొదట బడికి వచ్చింది నేనే. రెండో తరగతిలో చేరేటప్పటికి నాకు తొమ్మిదేళ్ళు దగ్గర పడుతున్నాయి, తర్వాత తరగతులు కలిపి చదివించారు. అందుకని నోవాస్కోషియా చేప నాకు నచ్చింది. ఇది శాస్త్రం కాదు, నా ఇష్టం.

అయితే మరి దక్షిణం చేప కూడా అంత వేగంగా పెరగొచ్చు కదా, ఇంకా పెద్దది అవుతుంది కదా? ఇక్కడ ఖర్చు ఉంది. వేగంగా పెరిగే చేపలు వేగంగా ఈదలేవు. నోవాస్కోషియా చేపలనూ సౌత్ కరోలినా చేపలనూ వేటాడే చేపల ముందు వదిలి చూస్తే నోవాస్కోషియావే ఎక్కువ దొరికిపోయాయి. 2001లో ఈ సంగతి అచ్చయింది. మేత ఎక్కువ తినడం, దాన్ని తొందర తొందరగా ఒంటికి పట్టించడం, ఈ రెంటికీ ఓపిక ఖర్చైపోతుంది, పారిపోవడానికి మిగలదు. అన్నం తినగానే గ్రౌండ్‌లో పరుగెత్తమంటే మన గతి ఏమిటో అదే. అందుకని పొడుగు కాలం ఉన్న చోట నెమ్మదిగా పెరిగిన చేపే బాగుపడింది. ఏది గొప్ప చేప అని అడిగితే జవాబు లేదు. ఏ తీరానికి ఏది అని అడగాలి.

ఇంకో వింత త్వరగా చెప్పేస్తాను. దక్షిణం వైపు ఈ చేప ఆడదా మగదా అన్నది పిల్లగా ఉన్నప్పటి నీళ్ళ వేడి మీద కూడా ఆధారపడుతుంది. ముందుగా, చల్లటి నీళ్ళలో పుట్టినవి ఎక్కువ ఆడవవుతాయి, ఎందుకంటే వాటికి పెరగడానికి ఎక్కువ రోజులు దొరుకుతాయి, పెద్ద ఆడచేప ఎక్కువ గుడ్లు పెడుతుంది. నోవాస్కోషియాలో ఈ పద్ధతి లేదు, అక్కడ కాలం ఎలాగూ చిన్నదే కదా. ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ వాళ్ళు చాలాసేపు నవ్వారు.

ఇప్పుడు జోర్డాన్ సంగతి. చేప పూసలు అంత బాగా లెక్కపెట్టిన మనిషి, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి మొదటి అధ్యక్షుడు. ఆయనే మనుషుల్లో మంచి పుట్టుక, చెడ్డ పుట్టుక ఉంటాయని, చెడ్డ పుట్టుక వాళ్ళు పిల్లల్ని కనకూడదని ప్రచారం చేశాడు. ఆ కారణం మీదే 2020లో ఆ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒక భవనానికి ఉన్న ఆయన పేరు తీసేశారు. మన వైపూ ఒకాయన ఉన్నాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్. సముద్రంలో ముత్యపు చిప్పల మీద పుస్తకం రాశాడు, ఆ చేత్తోనే మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులో కోయలు ఉన్నారు, సవరలు ఉన్నారు, గదబలు ఉన్నారు, మా కొండదొరలు కూడా ఉన్నారు. అంటే మనల్ని టేపు పెట్టి కొలిచినాయన నవంబరు ఆయన ఒక్కడే కాదు.

నాకు తట్టింది ఇది. చేపల్లో "పుట్టుక" అనే మాట అనడానికి కానోవర్ వాళ్ళు ఎన్నేళ్ళు తొట్లు కడిగారు! మూడు తీరాల గుడ్లు తెచ్చారు, ఒకే నీళ్ళు పోశారు, ఒకే మేత వేశారు, అప్పుడు అన్నారు. ఆటల దగ్గరి ఆయన ఒక్క నిమిషంలో, ఒక్క టేపుతో అనేశాడు. టేపు 143 అని చెప్తుంది. ఆ 143లో మా అమ్మ ఎంత, మా ఊళ్ళో జూన్ నుంచి ఆగస్టు దాకా తిన్న అంబలి ఎంత, నాకు వచ్చిన మలేరియా జ్వరాలు ఎంత అని టేపు చెప్పదు.

మనుషుల్ని తొట్లలో పెట్టి పెంచడం కుదరదు, పెంచకూడదు కూడా. కానీ కొన్నిసార్లు ఊరు మారడం వల్ల అలాంటి పరీక్ష దానంతటదే జరుగుతుందట. మధ్య అమెరికాలో గ్వాటెమాలా అనే దేశం ఉంది, అక్కడి ఆదివాసులు మాయా జనం. వాళ్ళు చాలా పొట్టి, పుట్టుకే అంత అని అందరూ అనేవాళ్ళు. అక్కడ యుద్ధం వచ్చినప్పుడు చాలా కుటుంబాలు అమెరికాకి పారిపోయాయి. ఫ్లోరిడాలోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ పెరిగిన మాయా పిల్లల్ని, గ్వాటెమాలాలో ఉన్న అదే వయసు మాయా పిల్లలతో పోల్చి చూశారు. అమెరికాలో పెరిగినవాళ్ళు 10 సెంటీమీటర్లకు పైగా పొడుగు, అందులో సగానికి మించి కాళ్ళలోనే. 2002లో అచ్చయిన సంగతి ఇది. అదే జనం, అదే పుట్టుక, ఒక్క తరంలోనే. నా ఎత్తులో పుట్టుక భాగం లేదని నేను అనడం లేదు. ఎంతో తెలియదు అంటున్నాను. ఆయనకీ తెలియదు.

మళ్ళీ చేప దగ్గరికి వద్దాం, ఒక్క సంగతి మిగిలింది. ఇది మా అయ్య కోసం రాస్తున్నాను, సెలవులకి వెళ్ళినప్పుడు చదివి వినిపిస్తాను. కానోవర్, స్టీఫన్ మంచ్ అనే ఆయనా కలిసి ఇదే చేపని ఆరు గుంపులుగా పెంచారు. ప్రతి తరంలోనూ నూటికి 90 చేపలను తీసేశారు, సముద్రంలో జాలర్లు పట్టినట్టు. రెండు గుంపుల్లో పెద్దవి తీశారు, రెండు గుంపుల్లో చిన్నవి తీశారు, రెండింటిలో ఏవి పడితే అవి. మిగిలిన వాటిని గుడ్లు పెట్టనిచ్చారు. పెద్దవి తీసిన తొట్టిలో మొదట పంట ఎక్కువ వచ్చింది. నాలుగు తరాలు తిరిగేసరికి తలకిందులైంది. పెద్దవాటిని వదిలి చిన్నవి పట్టిన తొట్లలో చేప బరువు, ఎప్పుడూ పెద్దవే పట్టిన తొట్లలో కంటే ఇంచుమించు రెట్టింపు. నెమ్మదిగా పెరిగేవి మాత్రమే మిగిలి అవే గుడ్లు పెట్టాయి కదా. 2002లో ఇది చెప్పారు. తర్వాత పట్టడం ఆపేసి చూశారు. చేప తిరిగి పెరగడం మొదలైంది, కాని నెమ్మదిగా. పూర్తిగా మామూలు కావాలంటే 12 తరాల దాకా పట్టవచ్చని 2009లో లెక్క కట్టారు.

మా గెడ్డలో మా తాత పట్టినంత చేపలు మా అయ్య పట్టడం లేదు. దీనివల్లే అని నేను అనను, గెడ్డలో నీళ్ళే తగ్గాయి, పైగా ఒక చేప మీద తేల్చింది ఇంకో చేపకి అంటగట్టకూడదు. కానీ గుడ్లతో ఉన్న పెద్ద మట్టగిడస వలలో పడితే ఏం చెయ్యాలని అయ్యని అడుగుతాను. తిట్టినా పరవాలేదు.

చివరగా ఒక పని. సంక్రాంతికి అందరూ ఊళ్ళకి పోతున్నారు. మన హాస్టల్లో పాతిక ఊళ్ళవాళ్ళం ఉన్నాం, కొన్ని కొండపైవి, కొన్ని కిందివి. ఇంట్లో మట్టగిడస కూర వండితే, తిన్నాక వెన్నెముక పారెయ్యకండి. కడిగి, ఎండబెట్టి, కాగితంలో చుట్టి, మీ ఊరి పేరు, గెడ్డ పేరు రాసి తెండి. ఒక్కో ఊరి నుంచి కనీసం పది కావాలి. తల దగ్గర విరవకండి, మొదటి పూస పోతుంది. తోక వైపు కుక్కకి పెట్టకండి. లెక్కపెట్టడానికి ఇద్దరు ఉండాలి, ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పకూడదు. నేను ఒకదాన్ని. వాసన ఓర్చుకోగల ఇంకొకరు తొమ్మిదో తరగతి గదికి వచ్చి పేరు ఇవ్వండి. వార్డెన్ మేడం గారు వంటగది వెనక అరుగు వాడుకోమన్నారు, పడకగదిలో మాత్రం వద్దన్నారు.